ముల్లు గ్రుచ్చుకొనిన చోట

గత వరికోతల కాలమందు మా సంఘములోని ఒక తల్లి తన పదకొండేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. పశువుల దొడ్డిలో తుమ్మముల్లు దిగి, వాని మడమ ఎఱ్ఱబడి, వాచి, చీము పట్టియుండెను. "అయ్యగారండీ, ప్రార్థన చెయ్యండి. దేవుడిచ్చిన ఒళ్ళు, అదే మానిపోద్ది. సూదులెందుకు?" అన్నది. మేము ప్రార్థించి పంపివేసితిమి.

ఆమె మాటలో నిజము లేకపోలేదు. 1882లో మెచ్నికాఫ్ అను రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో, గాజువలె పారదర్శకమైన నక్షత్ర చేప పిల్ల శరీరములో గులాబీ ముల్లు గ్రుచ్చి, మరునాటి ఉదయము చూచెను. సంచరించు కణములు ఆ ముల్లు చుట్టు మూగియున్నవి! మన రక్తములోని తెల్లకణములలో కొన్ని చేయు పనియు ఇదే. ఆవగింజకంటె చిన్నదగు ఒక ఘనమిల్లీమీటరు రక్తములో ఎఱ్ఱకణములు సుమారు 50 లక్షలుండగా, ఇవి 4,000 మొదలు 11,000 వరకు మాత్రమే. అయినను ముల్లు దిగిన గంటలలోనే నాళముల గోడల సందులనుండి దూరి వెలుపలికి వచ్చి, క్రిములను పట్టి మ్రింగి, అక్కడనే చచ్చును. మనము అసహ్యించుకొను చీములో అధికభాగము వాటి శవములే. ఎముకల లోపలి మజ్జ దినమునకు సుమారు 10,000 కోట్ల కణములను వాటి స్థానమున పంపుచున్నది. పౌలు కొరింథీయులకు శరీరావయవములను గూర్చి వ్రాసిన దినములలో ఈ సంగతి ఎవరును ఎరుగరు. ఎరిగియుండినయెడల ఆయన వీటిని విడిచిపెట్టడని మా తలంపు.

అయితే ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. దొడ్డి మంటిలోను పేడలోను ధనుర్వాతపు క్రిమి యుండును. దాని విషము నరములలో ప్రవేశించిన పిమ్మట దానిని వెలుపలికి లాగగల కణము లేదు, మందు లేదు. ఆ విషము ఎంత స్వల్పమనగా, రోగము వచ్చి బ్రదికినవాని తెల్లకణములు సైతము దానిని గుర్తుపెట్టుకొనజాలవు. సూదిమందులో నున్నది విరుగగొట్టిన ఆ విషమే. దానిచేత కణములు శత్రువును ముందుగా ఎరిగి, సిద్ధపడియుండును. ఆ జ్ఞాపకము కాలక్రమమున సన్నగిల్లును గనుక పదియేండ్లకును పదునారేండ్లకును మరల వేయింతురు. ఈ బాలునికి పసితనములో ఒకటి రెండు మాత్రమే వేయించిరని మేమెరుగుదుము. ఎరిగియు ఊరకుంటిమి. ప్రార్థనకు వచ్చిన తల్లితో ఆసుపత్రి మాట చెప్పినయెడల మా విశ్వాసమును తక్కువగా ఎంచునేమో యను సంకోచము మమ్మును పట్టెను.

తెల్లవారకముందే వారి గడప త్రొక్కితిమి. బాలుని సైకిలుమీద కూర్చుండబెట్టుకొని ఆరోగ్య కేంద్రమునకు నడిచితిమి. నర్సమ్మ గాయము కడిగి, సూది వేసి, "నిన్ననే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని కోపపడినది. ఆ తల్లి మా ముఖము చూచి, ఏమియు పలుకక తల వంచుకొనినది.

"ఆమెననకమ్మా," అంటిమి. "నిన్న మా యొద్దకే వచ్చినది. చెప్పనివారము మేమే."