మిద్దెల మీది చూపు

శాలిబండలో మా మిద్దె ఎక్కితే చార్మినార్ కొసలు కనిపిస్తాయి. పోయిన చలికాలం అక్కణ్ణుంచే చిన్న డ్రోన్ ఎగరేశాను. బరువు 249 గ్రాములు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు మించని నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి ఉండాల్సిందే. చట్టం ఎత్తు చెప్పింది, బరువు చెప్పింది.

రాత్రి వీడియో చూస్తుంటే పక్కింటి ఖాలా కనిపించింది. తలకు మెహందీ పెట్టుకుని ఎండలో కూర్చుంది. చప్పుడు విని పైకి చూసి, తడి చేతులతోనే దుపట్టా లాక్కుంది. ఆకుపచ్చ మరక బట్ట మీద పడింది. మూడు సెకన్లు, అంతే. నాకు నిద్ర పట్టలేదు.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది ఊరికే చూస్తుంది. నేను ఆ రెండోదాన్నే అనుకున్నాను. కానీ సాక్షి దేన్నీ దాచుకోదు, నేను మెమరీ కార్డులో దాచాను. ఖురాన్‌లోని సూరా నూర్ పరాయి ఇంట్లోకి వెళ్లేముందు అనుమతి అడగమంటుంది. మిద్దె కూడా ఇల్లే కదా, పైన తలుపు లేదంతే.

పొద్దున్నే వీడియో చెరిపేసి వెళ్లాను.

"తప్పయింది ఖాలా."

"ఇంట్లకొస్తే తలుపు కొడ్తవ్ గద బేటా. పైనుంచొస్తే గూడ కొట్టు."

ఇప్పుడు ఎగరేసేముందు పిట్టగోడ దగ్గర నిలబడి కేకేస్తాను. ఖాలా చెయ్యి ఊపేదాకా ఆగుతాను.