ఒక అవయవం బాధ, దేహమంతటికీ బాధ



విశ్వాసులంతా ఒకే దేహం వంటివారని, ఒక్క అవయవానికి బాధ కలిగినా దేహమంతా నిద్రకు దూరమై జ్వరంతో తల్లడిల్లుతుందని దైవప్రవక్త (సఅసం) బోధించారు. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

వైద్యులు చూస్తున్నదీ ఇదే. ఊపిరితిత్తులు దెబ్బతింటే మెదడుకు ప్రాణవాయువు చాలదు. కాలేయం చెడితే అమ్మోనియా, మూత్రపిండాలు చెడితే మలినాలు రక్తంలో పేరుకొని మతి తప్పిస్తాయి. మెదడుకు పెద్ద గాయమైతే గుండె లయ తప్పవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

నిజాం కాలంలోనే వికారాబాద్ అనంతగిరి కొండపై క్షయ రోగులకు ఆసుపత్రి వెలసిన ప్రాంతం మనది. అయినా వికారాబాద్, తాండూరుల్లో నేటికీ జ్వరంతో ఉన్న మనిషి హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడితే ‘గాలి సోకింది’ అని తాయెత్తుల కోసం పరుగెత్తేవారున్నారు. సోదరులారా! అది ప్రాణాపాయ సూచన కావచ్చు. వైద్యం చేయించుకోవాలన్నది ప్రవక్త (సఅసం) ఆదేశం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారి పొడవునా దుఆ చేయండి.

ఆ స్థితిలో కన్నతండ్రి నోట పరుషమైన మాట వస్తే మనసులో పెట్టుకోకండి. మతి తప్పినవారిపై, కోలుకునే వరకు, కర్మలు రాసే కలం ఎత్తివేయబడుతుంది. అల్లాహ్ లెక్కించని మాటను మనమెందుకు లెక్కించాలి?

పొరుగువారు హైదరాబాద్‌లో ఐసీయూ తలుపు ముందు కూర్చుని ఉంటే, ఇక్కడ వారి పిల్లలకు అన్నం పెట్టండి. అవసరమైతే రక్తమివ్వండి. ఒకే దేహమంటే ఇదే.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.