కాటా కదలనప్పుడు కర్మయోగం

పోయిన వీడియోలో కర్మయోగం గురించి, ముఖ్యంగా గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం కదా. నిడివి ఎక్కువవుతోందని అందులో ఒక ఉదాహరణ తీసేశాం. నా మటుకు నాకు ఆ శ్లోకం నిజంగా పరీక్షకి నిలబడింది ఆ ఉదాహరణలోనే. అది బరువు తగ్గడం.

నవ్వకండి. డైట్‌లో ఉండి, నెలల తరబడి బరువు తగ్గని మనిషికి "ఫలితం సంగతి వదిలెయ్, నీ పని నువ్వు చెయ్" అని ఒకసారి చెప్పి చూడండి. మా టీమ్‌లో ఒకతను ఈ మాట విని, "ఫలితం వద్దనుకుంటే ఈ చప్పిడి సొరకాయ కూర నేనెందుకు తినాలి బ్రో?" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు కానీ ప్రశ్న గట్టిది. పాట పాడేవాడికి పాడటంలోనే ఆనందం ఉంది. మొక్కలు పెంచేవాడికి మట్టిలో చెయ్యి పెట్టడమే ఇష్టం. వాళ్ళు ఫలం సంగతి మర్చిపోగలరు. ఆకలి ఉండగానే కంచం ముందు నుంచి లేవడానికి మాత్రం ఫలం తప్ప వేరే కారణమే లేదు. ఫలం కోసమే మొదలెట్టిన పనిని ఫలాపేక్ష లేకుండా చేయమంటే ఎలా? ఇది మనల్ని మనం మభ్యపెట్టుకోవడం కాదా?

ముందు నా లెక్క చెప్తాను. వయసు 28. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజుకి 10 గంటలు కుర్చీలో. మా నాన్నకి నలభై దాటగానే షుగర్ వచ్చింది. నాకు పోయిన ఏడాది హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.1 అని తేలింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు లెక్క. అప్పుడు బరువు 94 కిలోలు. రాత్రి అన్నం మానేసి, పగలు అన్నం సగం చేసి, రోజూ 50 నిమిషాలు నడిచాను. ఐదు వారాల్లో 90కి వచ్చాను. ఆ ఐదు వారాలూ నాకు వేదాంతం బాగా ఒంటబట్టింది. ఆ తర్వాత పదకొండు వారాలు అదే తిండి, అదే నడక, అదే 90. తిన్నదీ నడిచిందీ ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాను, వృత్తి రోగం. అందుకే ఎక్కడా సడలలేదని ఖాయంగా తెలుసు. తెలియడం వల్లే ఇంకా ఎక్కువ మండింది.

మా ఇంట్లో బరువు తగ్గే దారులన్నీ ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు. ఉప్పూ నూనే లేని వంట ఒకరిది. కొబ్బరినూనె, నిమ్మకాయ నీళ్ళు ఇంకొకరివి. అమ్మ వంతుకి కొర్రలు, అరికెలు. దారి ఏదైనా కాటా ఎక్కడో ఒకచోట ఆగింది, అక్కడ ప్రతివాళ్ళూ ఒకటే మాట అన్నారు: "ఇంత చేసినా ఇంతేనా?"

సంక్రాంతికి మా ఊరు కాకుమాను వెళ్ళాను. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ నన్ను చూడగానే, "సగమైపోయావు గదరా నాయనా, ఆ హైదరాబాదులో నీకు తిండి పెట్టే దిక్కు లేదా" అని కళ్ళు తుడుచుకుంది. పది నిమిషాలకి పిన్ని అరిసెల పళ్ళెంతో వచ్చి, "డైట్ అన్నావు, ఏం తగ్గావురా, అట్టానే ఉన్నావ్" అంది. మనిషిని నేను ఒక్కడినే, అరుగూ అదే!

సరే, శరీరం ఎందుకు ఇలా చేస్తుంది? మనం తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కూడా ఉంటుంది. అన్నం తగ్గించిన మొదటి రోజుల్లో చకచకా దిగేది ఎక్కువగా ఈ నీరే. ఆ వేగం చూసి మనం మురిసిపోతాం. తర్వాత కరగాల్సింది కొవ్వు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకి 250 కేలరీలు తగ్గించి తింటే కిలో పోవడానికి నెల పడుతుంది. ఈలోగా ఒంట్లో నీటి వల్ల బరువు రోజుల తేడాలో కిలో దాకా అటూ ఇటూ ఊగుతుంది. రాత్రి ఆవకాయ వేసుకుని తింటే ఆ ఉప్పు పట్టి ఉంచిన నీటితో నెల కష్టమంతా పొద్దున కాటా మీద కనపడకుండా పోవచ్చు.

పైగా ఒళ్ళు తగ్గేకొద్దీ దానికి కావలసిన ఇంధనం కూడా తగ్గుతుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళ శరీరాలు ఆ సైజు మనుషులు ఖర్చుపెట్టాల్సిన దానికన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చుపెడుతున్నాయని తేలింది. కరువు చూసిన ఇంటి పెద్దలాగా ఒళ్ళు పొదుపు నేర్చుకుందన్నమాట. దానికి మన ఎక్సెల్ షీట్ తెలియదు.

ఇక్కడే నాకు పద్దెనిమిదో అధ్యాయం గుర్తొచ్చింది. 47వ శ్లోకం అందరికీ తెలుసు కానీ, దానికి వివరణ లాంటి 18వ అధ్యాయం 14వ శ్లోకం దగ్గర ఎక్కువమంది ఆగరు. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని అక్కడ కృష్ణుడు చెప్తాడు: అధిష్ఠానం, అంటే ఈ శరీరం, కర్త, కరణాలు, అంటే ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. నా నడక, నా కంచం ఈ ఐదింటిలో ఒక్క చేష్ట కిందికే వస్తాయి. నాన్న నుంచి వచ్చిన జన్యువులు, హార్మోన్లు, నిద్ర, ప్రొడక్షన్ ఇష్యూ వచ్చిన రాత్రి పెరిగే ఒత్తిడి నా చేతిలో లేవు, లేదా సగమే ఉన్నాయి. కాటా మీద కనిపించే అంకె ఐదింటి ఉమ్మడి లెక్క. ఆ మొత్తాన్ని ఒక్క చేష్ట ఖాతాలో వేసి "నేను పనికిరానివాడిని" అనుకోవడం లెక్క ప్రకారమే తప్పు. తగ్గినప్పుడు "నేనే తగ్గించాను" అని కాలర్ ఎగరేయడమూ అంతే తప్పు. ఫలం మీద హక్కు లేదన్న మాటని నేను ఇదివరకు ఓదార్పుగా వినేవాడిని. ఇప్పుడు అది ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చెప్పిన మాటలా వినిపిస్తోంది.

అలాగని ఫలితం వైపు చూడనే వద్దా? మా బాబాయ్‌ని చూస్తే అలా అనిపించదు. ఆయన వరి వేస్తారు, సాంబ మసూరి. బీపీటీ 5204 అంటే మీకూ తెలిసే ఉంటుంది. 1986లో మాకు దగ్గర్లోని బాపట్ల వరి పరిశోధనా కేంద్రం నుంచే అది విడుదలైంది (నా 94 కిలోలకి ముడిసరుకు కూడా అదేనండి). ఐదు నెలల పంట. నారు పీకి నాటాక కొన్ని రోజులు చేను పాలిపోయి, చచ్చిందేమో అన్నట్టుంటుంది. వేళ్ళు కొత్త మట్టిని పట్టుకుని మళ్ళీ పచ్చబడితే మూన తిరిగింది అంటారు. మూన తిరగలేదని ఎవరూ నారు పీకి చూడరు. కానీ బాబాయ్ రోజూ గట్టు మీదికి వెళ్తారు. నీళ్ళు ఉన్నాయా, దోమ పట్టిందా, ఆకు రంగు ఎలా ఉంది అని చూస్తారు. తేడా ఉంటే మందో ఎరువో మారుస్తారు. పైరు చూడటం వేరు, పైరు చూసి కుంగిపోవడం వేరు.

కాబట్టి నెలల తరబడి బరువు కదలకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళడం నిష్కామ కర్మకి అడ్డేమీ కాదు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తూ ఉండొచ్చు, ఆడవాళ్ళలో పీసీఓఎస్ ఉండొచ్చు, వాడుతున్న మందు వల్ల బరువు పెరుగుతూ ఉండొచ్చు. నాకు థైరాయిడ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. మీకు ఏమైనా తేలితే దానికి వైద్యం ఉంది. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. విసుగొచ్చి నాలుగు రోజులు కడుపు మాడ్చుకోవడం ఇంకో దారి. దాన్ని తపస్సు అనుకునేవాళ్ళు పదిహేడో అధ్యాయం 5, 6 శ్లోకాలు చదవాలి. దంభంతో, అహంకారంతో ఒంటిని హింసించేవాళ్ళు ఆ ఒంట్లో ఉన్న తననూ హింసిస్తున్నారని భగవంతుడు అక్కడ చాలా కఠినంగానే అంటాడు.

మళ్ళీ మొదటి ప్రశ్నకి వద్దాం. ఫలం కోసమే ఉన్న పనిని ఫలాపేక్ష లేకుండా ఎలా చేస్తాం? నాకు దొరికిన దారి మన పూజగదిలోనే ఉంది. సత్యనారాయణ వ్రతమైనా వినాయక చవితి అయినా మొదట సంకల్పం చెప్పుకుంటాం. ఎక్కడ ఉన్నాం, ఏ తిథి, ఏ గోత్రం, ఏం కోరుతున్నాం అన్నీ అందులో చెప్తాం. ఆయుష్షు కావాలంటాం, ఆరోగ్యం కావాలంటాం. సిగ్గేమీ పడం. కానీ ఫలం మాట అక్కడ ఒక్కసారి చెప్పేస్తాం, ఆ తర్వాత ఆవాహనం నుంచి నైవేద్యం దాకా చేయాల్సిన పనే. అర్ఘ్యం ఇచ్చి, పాద్యం ఇచ్చి, "ఆరోగ్యం ఎంత శాతం వచ్చింది?" అని మధ్యలో ఎవరూ ఆగి చూసుకోరు.

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళూ అంతే. 41 రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. ఇరవయ్యో రోజున "స్వామీ, ఏమైనా ఫలితం కనిపించిందా" అని ఎవరైనా అడుగుతారా? ఎన్నో రోజు అని అడుగుతారు. రోజులు మన చేతిలో ఉన్నాయి కాబట్టి లెక్క కుదురుతుంది. (దీక్షలో బరువు తగ్గుతామని ఆశపడేవాళ్ళకి ఒక మాట: మధ్యాహ్నం భిక్షలో గారెలు, పులిహోర, పాయసం తిని పెరిగిన స్వాములు నాకు చాలామంది తెలుసు.) "10 కిలోలు తగ్గుతాను" అనేది అసలు నిలబెట్టుకోగలిగిన మాటే కాదు, అందులో నాలుగు వంతులు నా చేతిలో లేవు. "41 రోజులు రాత్రి అన్నం తినను, 50 నిమిషాలు నడుస్తాను" అన్నది నిలబెట్టుకోగలను. అందుకే నా షీట్‌లో బరువు గడిని వారానికి ఒక్కసారికి తగ్గించాను. దాని స్థానంలో దీక్ష రోజు నంబరు వచ్చింది.

శాస్త్రం తెలిసిన పెద్దలు దీన్ని కామ్యకర్మ అంటారు, నిష్కామం అనరు. నిజమే. ఫలం కోరే చేస్తున్నాను. నేనున్న మెట్టు అదే.

ఫలం మనం చూస్తున్న గుమ్మంలోంచే రావాలని కూడా లేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగర్ గుమ్మం దగ్గర ఉన్న 531 మందితో ఒక అధ్యయనం చేసి 2006లో ప్రచురించింది. తిండి, నడక మార్చుకున్న గుంపులో, మార్చుకోనివాళ్ళతో పోలిస్తే షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. నన్ను పట్టేసింది ఏమిటంటే, ఆ గుంపులో బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వాళ్ళలో ఎంతమంది కాటా దిగి నిట్టూర్చి ఉంటారో. అదే సమయంలో లోపల పని జరుగుతూనే ఉంది.

ఇది చదివి నాకు పెద్ద ధైర్యం వచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది. బరువు అనే ఫలాన్ని ముందు గుమ్మంలోంచి పంపేసి, షుగర్ అనే ఫలాన్ని దొడ్డిదారిన లోపలికి తెచ్చుకున్నాను కదా? అదీ రాకపోతే?

రాకపోవచ్చు. భగీరథ ప్రయత్నం అని అందరం అంటాం. అంశుమంతుడి ప్రయత్నం అని ఎవరూ అనరు. బాలకాండలో భగీరథుడి తాత అంశుమంతుడు అదే గంగ కోసం హిమాలయాల్లో 32,000 ఏళ్ళు తపస్సు చేశాడు, గంగ రాలేదు. కొడుకు దిలీపుడు దారి తెలియక ఆ దిగులుతోనే పోయాడు. ఇద్దరి పట్టుదలా తక్కువదని వాల్మీకి ఎక్కడా అనడు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీద ఉన్న బాబాయ్ వరి నీళ్ళలో తేలింది. ఐదు నెలల్లో ఆయన చేయాల్సింది ఒక్కటీ తక్కువ చేయలేదు. ఆ నష్టం ముందు నా కిలోలు ఏపాటివి, పోల్చడానికే మొహమాటంగా ఉంది. కానీ తర్వాతి ఏడాది నారుమడి దున్నుతుంటే ఆయన్ని అడిగాను, ఎలా మళ్ళీ మొదలెట్టారు అని. ఏదైనా పెద్ద మాట చెప్తారని ఎదురుచూశాను. "చేను ఖాళీగా పెట్టుకుంటే ఏం బాగుంటుందిరా" అన్నారు, ట్రాక్టర్ చప్పుడులో. ఇంకేమీ అనలేదు.

ఇది రాస్తున్న రోజుకి నా దీక్షలో 26వ రోజు. శనివారం చూసిన బరువు 90.2. హెచ్‌బీఏ1సీ పరీక్ష వచ్చే నెల. 6 కిందికి రావాలని కోరిక ఉంది, సంకల్పంలో ఒకసారి చెప్పేశాను. వచ్చే వీడియో ఆరో అధ్యాయం మీద. తిండి, నిద్ర ఎంతలో ఉండాలో అందులో చెప్పింది వివరంగా చూద్దాం.