ఇచ్చట మనలను ఎరిగినవారెవరు?

మన గ్రామములనుండి వెళ్లి ఉత్తరదేశపు పట్టణములలో పనిచేయుచున్న యౌవనులు అనేకులున్నారు. వరుసగా మూడు దినములు సెలవు దొరకినప్పుడు వారిలో కొందరు స్నేహితులతో కలిసి కారులో నేపాలు చూచివచ్చుచున్నారు. గోరఖ్‌పూరునుండి సుమారు 100 కిలోమీటర్లు పోయినయెడల సోనౌలియొద్ద ఎల్ల వచ్చును. మన దేశస్థులకు వీసా అక్కరలేదు. 1950వ సంవత్సరపు ఒడంబడిక ఇరుదేశముల ప్రజలకు నివాసమందును సంచారమందును సమానమైన వసతి నిచ్చినది. బండికి మాత్రము, ఉండు దినములనుబట్టి సుంకము చెల్లించి కాగితము తీసికొనవలెను.

ఎల్ల దాటగానే గడియారమును 15 నిమిషములు ముందుకు త్రిప్పవలెను. మన 100 రూపాయలు అచ్చట 160 రూపాయలగును. 1993 మొదలుకొని మారకపు లెక్క ఇదియే. అచ్చటి సెలవుదినము శనివారము గనుక సంఘములు అనేకము ఆ దినముననే ఆరాధనకు కూడును. ఇవన్నియు మారును, మంచిదే. అయితే వీటితోకూడ మనుష్యుని మనస్సాక్షియు మారవచ్చునా?

విశ్రాంతియు స్నేహమును దేవుని యీవులే. వాటిని మనము తప్పుపట్టము. కాని ఊరిలో పెద్దలయెదుట తలవంచి నడచువాడు, గుంపుతో పరదేశములో నున్నప్పుడు, “ఇచ్చట మనలను ఎరిగినవారెవరు?” అనుకొనును. ఆ మాటయే శోధనకు తలుపు. త్రాగి కొండదారిలో బండి నడుపువాడు తన స్నేహితుల ప్రాణములనేగాక, ఎదురుగా నడచివచ్చు కూలివాని ప్రాణమును అపాయములో పెట్టుచున్నాడు. 100 రూపాయలు 160 అయినవని పొంగి, బీదరాలు అమ్ము వస్తువును ఎగతాళి చేసి బేరమాడువాడు ఆమె కూటినే తగ్గించుచున్నాడు.

ఆదికాండము 20వ అధ్యాయములో అబ్రాహాము గెరారునకు వచ్చి, ఆ స్థలములో దైవభయము లేదని తలంచి, శారాను తన చెల్లెలని చెప్పెను. అయితే నిజము తెలిసినప్పుడు, ఆ పరదేశపు రాజైన అబీమెలెకే న్యాయముగా నడచుకొని, విశ్వాసులకు తండ్రియైన వానిని గద్దించెను. దైవభయము మన యెల్లయొద్ద ఆగిపోవునని తలంచుట ఎంత అవివేకము!

సోనౌలి దాటినవారు సాధారణముగా దర్శించు లుంబినిలో 1896లో కనుగొనబడిన రాతి స్తంభమొకటి యున్నది. అశోక చక్రవర్తి తన యేలుబడి 20వ సంవత్సరమున అచ్చటికి స్వయముగా వచ్చి, ఆ గ్రామమునకు పన్ను తీసివేసి, పంటలో ఎనిమిదవ వంతు మాత్రమే చెల్లించునట్లు చేసెనని దానిమీద చెక్కబడియున్నది. దర్శనమునకు పోయినవాడు ఆ ఊరివారి భారమును తగ్గించి తిరిగివచ్చెను.

మనము చక్రవర్తులము కాము. పన్ను తీసివేయు అధికారము మనకు లేదు. అయినను న్యాయమైన వెల నిచ్చుట, మూడు దినములకు కాగితము తీసికొని నాలుగవ దినము దొంగతనముగా ఉండకుండుట, తిన్నచోట చెత్త వేయకుండుట, బండిని నెమ్మదిగా నడుపుట మనచేతనగును. సెలవునుండి వచ్చిన బిడ్డలను, “ఏమేమి చూచితిరి?” అని అడుగుచున్నాము. “మీరు పోయినందున అచ్చటివారికి ఏమి మేలు కలిగినది?” అనియు అడుగుదము. తాళము వేయక తలుపు తెరచి యుంచిన పొరుగువాని యింట మరి యెక్కువ జాగ్రత్తగా నడచుకొనవలెను గదా!