ట్యాంకు అను మాట

చెన్నై చెంతనున్న ఆవడి పట్టణమున ట్యాంకు అను మాట చెవిని పడినప్పుడు, అది ఎవరి నోట వెలువడినదో విచారింపక అర్థము నిర్ణయింప వీలుకాదు. ఇల్లాలికి అది మేడమీది నీటి తొట్టె. మోటారు సైకిలువానికి ఇంధనమును దాచు పాత్ర. పాత రెవెన్యూ దస్త్రములు వ్రాసినవారికి పరుత్తిపట్టు చెరువువంటి జలాశయము. 1961లో ఇచట నెలకొన్న భారీ వాహన కర్మాగారమున పనిచేయువానికి మాత్రము విజయంత, అజేయ, అర్జున నామములను దాల్చిన ఉక్కు శకటము.

నీటిని పట్టి నిలుపు సౌమ్యమైన శబ్దము నిప్పులు గ్రక్కు యంత్రమున కెట్లు చెల్లెనన్న, అందులకు ఒక కపటోపాయమే కారణము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఆంగ్లేయులు ఈ శకటములను రహస్యముగా నిర్మించుచు, శత్రువుల వేగులు పసిగట్టకుండుటకై, ఇవి నీటిని మోయు తొట్టెలని ప్రచారము చేసిరి. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణరంగమున అవి కదలివచ్చి, గుట్టు రట్టయిన పిమ్మటను ఆ పేరు మారలేదు. అబద్ధము నిఘంటువున కెక్కుటకు ఇంతకన్న మంచి సాక్ష్యము నేనెరుగను.

ఆ మాట పుట్టుక పోర్చుగీసుదని కొందరును, గుజరాతీదని కొందరును వాదింతురు. హైదరాబాదువారు హుస్సేన్‌సాగరపు కట్టను ట్యాంకుబండని పిలుచుచు, యుద్ధశకటమును తలపనైన తలపరు. వేసవిలో వీధివీధికి నీరు తెచ్చు బండిని ఆవడి ప్రాంతమువారు తణ్ణి లారీ అందురు గనుక, ఆ ఒక్కచోట మాత్రము సందేహమునకు తావు లేదు.