బయానా సొమ్ము ఎవరిది?

గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చిన మన సోదరుల్లో ఎందరో అక్కడే ఒక ఫ్లాట్ కొనుక్కోవాలని ఆశపడ్డారు. దుబాయిలో నిర్ణీత ప్రాంతాల్లో విదేశీయులు కూడా స్థిరాస్తి కొనవచ్చునని 2006లో చట్టం వచ్చింది. పునాది కూడా పడని భవనాల్లో ఫ్లాట్లకు కంపెనీలు బయానా తీసుకున్నాయి. 2008 ఆర్థిక సంక్షోభంలో ఎన్నో నిర్మాణాలు మధ్యలోనే ఆగిపోయాయి. అటువంటప్పుడు ఆ బయానా సొమ్ము ఎవరిది? “నుదుట రాసి ఉంటే వస్తుంది, సబర్ చేయండి” అనేవారు కొందరు. “ఎలాగైనా లాక్కోవాల్సిందే” అనేవారు మరికొందరు. ధర్మం ఏమంటుందో చూద్దాం.

బయానాను ఫిఖహ్ గ్రంథాల్లో ‘అర్బూన్’ అంటారు. కొనేవాడు మనసు మార్చుకుంటే బయానా అమ్మేవాడికే మిగిలిపోయే బేరం అది. హనఫీ, మాలికీ, షాఫయీ పండితులు దీన్ని అంగీకరించలేదు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) అనుమతించారు. హజ్రత్ ఉమర్ (రజి) కోసం మక్కాలో సఫ్వాన్ బిన్ ఉమయ్యా ఇంటిని కొన్నప్పుడు, ఉమర్ (రజి) సమ్మతించకపోతే కొంత సొమ్ము సఫ్వాన్‌కే చెందేలా షరతు పెట్టుకున్న సంఘటన ఆయనకు ఆధారం. వేచి ఉండే గడువును ముందే నిర్ణయించుకుంటే ఇది సమ్మతమేనని 1993లో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది.

అయితే ఒక్క విషయం గమనించాలి. ఈ అభిప్రాయ భేదమంతా కొనేవాడు వెనక్కి తగ్గిన సందర్భం గురించే. ఇల్లు కట్టి ఇస్తానన్నవాడే మాట తప్పితే ఆ సొమ్మును ఏ పేరుతో ఉంచుకుంటాడు? “బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వబడదు” అని కాగితంపై అచ్చు వేసినంత మాత్రాన పరుల సొమ్ము తనదైపోదు. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినరాదని, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకమే ధర్మమని సూరా నిసా 29వ ఆయత్ బోధిస్తుంది. ఇవ్వనిదానికి వెల పుచ్చుకోవడం వర్తకం కాదు.

అలాంటప్పుడు అడగడం దురాశ కాదు, సహనానికి విరుద్ధమూ కాదు. తనకు రావలసిన అప్పు కోసం ఒక వ్యక్తి దైవప్రవక్త (స)తో కటువుగా మాట్లాడాడు. సహాబాలు అతన్ని మందలించబోతే, హక్కుదారుకు మాట్లాడే హక్కు ఉందని ఆయన (స) వారిని వారించారు. స్తోమత ఉండీ బాకీ తీర్చకుండా జాప్యం చేయడం దౌర్జన్యమని కూడా తెలియజేశారు. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువు ఇవ్వాలి. కానీ ఒకవైపు కొత్త ఫ్లాట్లు అమ్ముకుంటూ మరోవైపు చేతులు ఖాళీ అనే కంపెనీ ఆ కోవలోకి రాదు.

అడిగే పద్ధతి కూడా ధర్మబద్ధంగా ఉండాలి. బాకీ లావాదేవీలను రాసిపెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్ ఎందుకు ఆదేశించిందో ఇక్కడే అర్థమవుతుంది. రసీదు, ఒప్పంద పత్రం, బ్యాంకు కాగితం భద్రపరచుకోవాలి. కొనుగోలుదారుల సొమ్ము ఆ నిర్మాణానికే కేటాయించిన ఎస్క్రో ఖాతాలో ఉండాలని దుబాయిలో 2007 నాటి 8వ నంబరు చట్టం చెబుతోంది. కాబట్టి సొమ్ము ఆ ఖాతాలో పడిందా, ఏజెంటు చేతికి వెళ్ళిందా అని ముందు తెలుసుకోవాలి. తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా రాయాలి. ఫలితం లేకపోతే దుబాయి భూమి శాఖను, న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. పోయిన సొమ్ము రాబడతామంటూ ముందే రుసుము గుంజేవారి వలలో మాత్రం పడకూడదు.

మనమే మనసు మార్చుకుని, తప్పు కంపెనీదని అబద్ధం ఆడితే? వాక్చాతుర్యంతో గెలుచుకున్న పరుల హక్కు అగ్నిఖండమేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అసలు సొమ్మునూ, నిజంగా అయిన ఖర్చునూ అడుగుదాం. వడ్డీకి ఆశపడవద్దు.

కమీషన్ కోసం బంధుమిత్రులను ఇందులోకి దించిన సోదరులు కూడా ఆలోచించాలి. వారు మన మాట నమ్మే డబ్బు కట్టారు. ఆ నమ్మకం మన దగ్గరున్న అమానతు. వారి సొమ్ము చేతికి వచ్చేవరకు వారి వెంట తిరగడం మన బాధ్యత. ఇక్కడి న్యాయస్థానంలో ఓడినా గెలిచినా, పరులది పరులకు చేర్చామా లేదా అన్న ప్రశ్న ప్రళయదినాన తప్పదు. హలాల్ సంపాదనను కాపాడుకునే వివేకాన్ని, పరుల హక్కుకు భయపడే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.