నడకయందలి మనస్సు

శిశువు నడక నేర్చునపుడు మరియొక పని చేయజాలదు. పిలిచినచో నిలిచిపోవును, లేదా పడిపోవును. యౌవనమున ఆ శ్రమ మరుగుపడి, పాదములు తమంతట తామే సాగుచున్నట్లు తోచును. వార్ధక్యమున చూపు మందగించి, అరికాలి స్పర్శ తగ్గి, లోచెవియందలి సమతాశక్తి క్షీణించుటచే, నడకకు మరల మనస్సు తోడు కావలసివచ్చును.

1997లో స్వీడన్ దేశపు పరిశోధకులు 58 మంది వృద్ధులతో కలిసి నడచుచు మాట కలిపి చూచిరి. 12 మంది మాట వినగనే నిలిచిపోయిరి. వారిలో 10 మంది తరువాతి ఆరు మాసములలో పడిరి. ఆ నిలిచిపోవుట మందబుద్ధి కాదు; రెండు పనులకు చాలని శక్తిని శరీరము ఒకదానికే దాచుకొనుట.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మదనపల్లె, పుంగనూరు వీధులలో ఎదురైన పెద్దను "ఏం తాతా, యాడికి పోతా ఉండావు?" అని పలుకరించి, ఆగకయే జవాబు కోరుదుము. కుప్పమున ఆ ప్రశ్న తమిళమునగాని కన్నడమునగాని రావచ్చును. మన పలుకరింపు మంచిదే, కాని దాని బరువు ఆయన కాళ్లపై పడుచున్నది.

మరి యువకుల మాట? అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఒంటిచక్రపు సైకిలుపై విదూషకుని త్రిప్పి చూచిన ప్రయోగము 2009లో వెలువడినది. ఫోనులో మాటలాడుచు నడచినవారిలో నలుగురికి ఒక్కరే అతనిని గమనించిరి. ఇష్టలింగమును అరచేత నిలిపి దృష్టి లగ్నము చేయుట మన ఆచారము. ఐనను అది కూర్చుండి చేయు కార్యము. అష్టావధానియు కూర్చుండియే ఎనిమిది చిక్కులను భరించును. నడచుచు అరచేతిలోనికి చూచు నేటి సాధన ఏ గురువు ఉపదేశించెనో తెలియదు!

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఏకాగ్రత వేరు, అవధానము వేరని బోధించెను. మొదటిది ఒకదానిని పట్టి తక్కినవానిని త్రోసివేయును. రెండవది దేనినీ త్రోసివేయదు. ఫోను పట్టిన యువకుని యందున్నది మొదటిది. అతడు త్రోసివేసిన వానిలో ఎదుట వచ్చు వృద్ధుడును ఉన్నాడు.

ఇరువురి మనస్సును చెదరినదే, కాని దోషము సమానము కాదు. యువకుడు ఫోనును జేబులో వేయగలడు. వృద్ధుడు వయస్సును ఎక్కడ వేయును? కావున త్రోవ ఇచ్చు భారము యువకునిదే.

పడుదురను భయముతో పెద్దలను మాటలాడనీయకుండుటయు, ఇల్లు కదలనీయకుండుటయు మరియొక క్రూరత్వము. సాయంకాలపు నడక పలువురికి మిగిలిన ఏకైక సాంగత్యము. కబురు చెప్పవలసినచో అరుగు చేరువరకు ఓపిక పట్టవచ్చును. రోడ్డు దాటించునపుడు చేయి పట్టుటకు ముందే ఒక మాట చెప్పవలెను; హఠాత్తుగా పట్టిన చేయియు ఆయనకు మరియొక పనియే.